సంతకం లేని కృతజ్ఞతలు

"శుక్రవారం నమాజులయ్యాక నీ గదికొత్తాను. నాతో ఇంకో మనిషి వత్తంది. మీ ఆయనతో మటుకు అనకు."

ఫుజైరా నుంచి అచ్చాయమ్మ ఫోనులో చెప్పింది ఇంతే. పోయిన వారం మనం వీరమ్మను జుమైరాలో ఇంగ్లీషు మేడమ్ గారింట్లో, ఆ ఫోను చేతిలో ఉండగానే వదిలేశాం. తర్వాత ఆమె ఫోను పెట్టేసింది. మేడమ్ గారి పిల్లలకి అన్నం పెట్టింది, బట్టలు ఇస్త్రీ చేసింది, పొద్దు వాలేసరికి దేరా పేటలో తమ గదికి తిరిగొచ్చింది. పనుల్లో ఒక్కటీ తప్పలేదు గానీ మనసు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. వత్తంది, అన్నది అచ్చాయమ్మ. వత్తన్నాడు అనలేదు. అంటే వచ్చేది ఆడమనిషి.

కొత్తగా పెళ్లయినదాని గుమ్మంలోకి, మొగుడికి చెప్పొద్దంటూ, ఒక ఆడమనిషిని వెంటబెట్టుకొస్తున్నారంటే అందులో ఊహించడానికి ఇంకేముంది?

వీరమ్మది కోనసీమ. అమ్మానాన్నా పోయాక అన్నగారి పంచన ఒదగలేక, ఏజెంటు మాట నమ్మి ఆయా పనికి దుబాయ్ వచ్చింది. మేడమ్ గారింటి పక్కన కొత్త విల్లా లేస్తున్నప్పుడు షట్టరింగు పని చేసే సత్యం చల్లటి నీళ్లకని గేటు దగ్గరికి వచ్చేవాడు. పూర్తి పేరు గుత్తుల వీరవెంకటసత్యనారాయణ, సొంత ఊరు చినవాడలంక. గోదావరి మనిషివి, మాటలో ఆ తీరు లేదేమని అడిగితే, చిన్నప్పుడే కన్నవాళ్లు పోయారనీ బోధన్ వైపు వలసపోయిన మేనమామ దగ్గర పెరిగాననీ చెప్పాడు. పైగా ఏళ్ల తరబడి కూలీల క్యాంపులో తెలంగాణవాళ్ల మధ్య ఉంటే నాలుక మారదా అన్నాడు. వీరమ్మ నమ్మింది. ఇంటిపేరు విని అన్నగారు కూడా సరేనని ఉత్తరం రాశాడు. బర్ దుబాయ్ గుడిలో ఇద్దరికీ పెళ్లయింది. చుట్టాలెవరూ లేరు గానీ సత్యం క్యాంపువాళ్లు, వీరమ్మలాంటి ఆయాలు సెలవు రోజు వదులుకుని అబ్రా పడవల్లో క్రీక్ దాటి వచ్చారు. ఒకరు దుప్పటి, ఒకరు ఫ్లాస్కు, ఒకరు టేబులు ఫ్యాను ఇచ్చారు.

ఆ కానుకల దగ్గరే మొదలైంది ఇదంతా.

కానుక ఇచ్చిన ప్రతి మనిషికీ స్వయంగా చేత్తో ఉత్తరం రాసి కృతజ్ఞత చెప్పాలని మేడమ్ అన్నప్పుడు వీరమ్మకి నవ్వొచ్చింది. మన దగ్గర చదివింపులు చదివించినవాళ్లకి కడుపునిండా భోజనం పెడతారు, బట్టలు పెట్టాల్సినవాళ్లకి బట్టలు పెడతారు, రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే వెళ్లి చదివించి వస్తారు. అంతటితో సరి. కాగితం మీద థాంక్సులు చెప్పడమంటే సొంత మనిషిని వీధిలో నిలబెట్టి మాట్లాడినట్టు. ఆ సంగతే వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పబోతే మేడమ్ ఒకటే అడిగింది. వాళ్లింట్లో పెళ్లి నీ కళ్లముందు జరుగుతుందా, నువ్వు వెళ్లి బాకీ తీర్చుకుంటావా, అని. నిజమేననిపించింది వీరమ్మకి. ఈ ఎడారిలో ఎవరు ఎన్నాళ్లుంటారో, ఎవరి వీసా ఎప్పుడు ఖలాస్ అవుతుందో ఎవరికి తెలుసు?

మీ భాషలోనే రాయమని చెప్పి మేడమ్ మీగడ రంగు కాగితాలు, కవర్లు ఇచ్చింది. ఎలా రాయాలో కూడా చెప్పింది. ఇచ్చిన వస్తువు పేరెత్తి రాయాలట, దాన్ని ఇంట్లో ఎలా వాడుకుంటున్నారో ఒక మాట చెప్పాలట. ఖరీదు ఊసెత్తకూడదు. ఫ్యాను ఇచ్చినవాడికి ఎంత రాస్తే గరిటె ఇచ్చినవాడికీ అంతే రాయాలి. రాలేకపోయి ఎవరి చేతైనా పంపినవాళ్లని అసలు మరిచిపోకూడదు. ఆఖర్న ఇద్దరూ సంతకం పెట్టాలి, ఎందుకంటే కానుక ఇద్దరికీ వచ్చింది.

రాయడం మొదలుపెట్టాక వీరమ్మకి ఆ పని మీద ఎక్కడలేని ఇష్టం పుట్టింది. ఇక్కడ ఇంటింటికీ తపాలా రాదు, ఏదైనా కంపెనీ పోస్టుబాక్సుకే రావాలి. అందుకని దగ్గరివాళ్లకి తనే పట్టుకెళ్లి ఇద్దామనుకుంది. మొదటిది పెళ్లిలో సత్యం తరఫున పెద్దగా కూర్చున్న ఆశన్నది. దానికి మాత్రం సత్యం సంతకం తర్వాత పెట్టించవచ్చులే అనుకుని అది లేకుండానే పట్టుకెళ్లింది. కవరు చూడగానే ఆశన్న ముఖం పాలిపోయింది. ఇంటి దగ్గర ఎవరికో ఏదో అయిందనుకున్నాడట. ఆమె చదివి వినిపించాక మాత్రం, దుప్పటి వెచ్చగా ఉందని రాసిన ముక్క మళ్లీ చదివించుకుని, కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నీ సదువు మంచిగున్నదమ్మా, నీ పెనిమిటిది మాలెక్కనే, జీతాలనాడు ఏలిముద్రనే, అని నవ్వాడు కూడా.

వీరమ్మ నవ్వలేదు. సత్యానికి చదువొచ్చు. ఊరినుంచి వచ్చే వారపత్రిక ఎవరి దగ్గర దొరికినా తెచ్చి, ఆమె వంట చేస్తుంటే పక్కన కూర్చుని గడగడా చదివి వినిపిస్తాడు. అంత చదువొచ్చినవాడు జీతాలనాడు వేలిముద్ర ఎందుకు వేస్తాడు?

ఆనాటి నుంచి ఆమె కళ్లు అతని వెంటే తిరగసాగాయి. సంతకం పెట్టమంటే ఒకనాడు సిమెంటుకి వేళ్లు పగిలాయన్నాడు, ఇంకోనాడు నిద్రొస్తోందన్నాడు. కాగితాలు అలాగే పోగుపడ్డాయి. ఆశన్నది కాక పోయింది ఇంకొక్కటే, ఫుజైరాలో అచ్చాయమ్మకి. ఆవిడది వీరమ్మ పక్క ఊరే. ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. సెలవు దొరక్క పెళ్లికి రాలేదు గానీ స్టీలు గిన్నెల జత పంపింది. పికప్పు నడిపే జిలానీ బాషా ఫుజైరా వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర తొందర పెట్టాడు. సత్యం పనిలో ఉన్నాడు. ఇంక చేసేది లేక అతని పేరు కూడా వీరమ్మే రాసేసింది. పెళ్లికొడుకు ఎవరో ఏమిటో అని ఆవిడ ఆరాటపడుతుందని, ఇంటిపేరుతో సహా, ఊరుతో సహా రాసింది.

ఆ ఉత్తరం వెళ్లింది. అచ్చాయమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. శుక్రవారం కూడా వచ్చింది.

*

వాళ్ల గది ఒక పాత మేడ పైఅంతస్తులో, ప్లైవుడ్ చెక్కతో రెండుగా చేసిన హాల్లో సగం. అటు సగంలో హైదరాబాదు కుబ్రా బేగం, ఆవిడ భర్త. వంటిల్లు ఉమ్మడి. ఏం మాట్లాడుకున్నా గొంతు తగ్గించే మాట్లాడుకోవాలి. సత్యం తలంటుకుని లుంగీ కట్టుకుని, ఏసీ ముందు కూర్చుని తల ఆరబెట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం భోజనం బాగుందని అప్పటికే రెండుసార్లు అన్నాడు. వీరమ్మకి ఆ మెచ్చుకోలు కూడా అనుమానంగానే తోచింది. తప్పు చేసినవాడికే నాలుక మీద తేనె ఎక్కువుంటుందని మేనత్త అనేది.

ఆమె ఇనప్పెట్టె మీద కాగితాలన్నీ వరసగా పరిచి, పెన్ను తీసి అతని చేతికిచ్చింది.

"ఇయ్యన్నీ ఇయ్యాల పంపించెయ్యాలండి. సంతకాలు పెట్టండి."

నువ్వే పెట్టేయమన్నాడు. మొన్న ఫుజైరాదానికి నువ్వే రాశావుగా అన్నాడు. ఇద్దరి చేతిరాతా ఉండాలని మేడమ్ చెప్పిందని ఆమె అంది. అతను పెన్ను విదిలించి చూసి, సిరా అయిపోయిందేమో అన్నాడు. వీరమ్మ పెన్ను తీసుకుని తన అరచేతి మీద గీసి, నీలం గీత అతనికి చూపించి, మళ్లీ అతని చేతిలో పెట్టింది. అతను పెన్ను పట్టుకున్నాడు. మొదటి కాగితం మీదికి వంగాడు కూడా. కానీ పెన్ను ముల్లు కాగితానికి తగలకుండా గాలిలోనే ఉండిపోయింది.

చెక్క అవతల కుబ్రా బేగం ఏదో వేయిస్తోంది. ఉల్లిపాయల వాసన గదంతా కమ్మింది.

జీతాలనాడు మీరు వేలిముద్ర వేస్తారట, ఆశన్న చెప్పాడు, అంది వీరమ్మ. అతను పెన్నుని ఒక వేలి నుంచి ఇంకో వేలికి మార్చుకున్నాడు. గుడిలో పంతులుగారు గోత్రం అడిగినప్పుడు కూడా మీ నోట మాట రాలేదు, ఆశన్నే ఏదో అందించాడు, అంది. అతని మెడ మీద నీటిబొట్లు ఆరిపోయిన చోట చెమట పట్టడం ఆమెకి కనిపిస్తూనే ఉంది.

ఇక అడగక తప్పదనుకుంది. అడిగితే ఏం వింటానో అన్న భయం కన్నా, ఇంకాసేపట్లో ఆ తలుపు తట్టి ఎవరో చెబితే వినాల్సివస్తుందన్న భయం పెద్దదైంది.

"మీకు ముందే పెళ్లయిందా?"

అతను తల ఎత్తాడు. "ఎవలన్నరు?"

ఎవరన్నారు అని కాదు, ఎవలన్నరు. ఇన్నాళ్లూ అప్పుడప్పుడు ఒక ముక్క జారితే వెంటనే సర్దుకునేవాడు, క్యాంపు అలవాటని నవ్వేసేవాడు. ఈసారి సర్దుకోలేదు. పెన్ను పెట్టె మీద పెట్టేసి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"లేదు వీరమ్మా. నాకు పెండ్లి గాలె. నిన్ను జేసుకున్నదే పెండ్లి. నీ మీద ఒట్టు. గని..." అని ఆగాడు. "గా పేరు నాది గాదు."

వీరమ్మకి వెంటనే అర్థం కాలేదు. ఏ పేరు అని అడిగింది.

"గుత్తుల వీరవెంకటసత్యనారాయణ. గా పేరు. నా పేరు పర్శరాములు. మాది జగిత్యాల దిక్కు. చినవాడలంక ఏడుంటదో నాకు ఎర్కనే లేదు."

తర్వాత అతను చాలాసేపు చెప్పాడు. చిన్న గొంతుతో, నేల చూపులు చూస్తూ. కాలం కాక చేను ఎండిపోతే, ఊరివాళ్లతో కలిసి దుబాయ్ పోదామని బొంబాయి చేరాడు. అక్కడ ఒక ఇరుకు గదిలో, వీసాల కోసం పడిగాపులు పడే జనం మధ్య నెలల తరబడి పడున్నాడు. వెంట వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే విమానం ఎక్కారు గానీ అతని వీసా రాలేదు. తిరిగి ఊరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియని స్థితిలో ఒకనాడు ఏజెంటు ఒక పాసుపోర్టు తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ మనిషి రానంటున్నాడు, వీసా మురిగిపోతుంది, ఫొటో మార్చేశాం, ఇకమీదట నువ్వే ఈయన, అన్నాడు. అంత పొడుగు పేరు అతను ఎన్నడూ వినలేదు. రాత్రంతా నోట్లో నములుతూనే ఉన్నా విమానాశ్రయంలో అధికారి అడిగేసరికి సగంలో తడబడ్డాడు. జ్వరమొచ్చినట్టు దగ్గి తప్పించుకున్నాడు. క్యాంపులో సత్యం అని పిలిస్తే తనను కాదేమో అనుకుని తిరిగి చూసేవాడు కాదు. చూడడం అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

వీరమ్మ వింటోంది. వింటూ, మాటల కన్నా ముందు ఆ గొంతు వింటోంది. ఇన్నాళ్లూ ఆమెతో మాట్లాడిన మనిషి ప్రతి మాటకీ ముందు కొంచెం ఆగేవాడు. నెమ్మదస్తుడనుకుని మురిసిపోయింది. ఇప్పుడు తెలిసింది, ఆగి మాటను మార్చుకునేవాడని. ఇప్పుడు మాట్లాడుతున్న మనిషికి ఆ ఆగడం లేదు. మాట బావిలో చేద దిగినట్టు జరజరా దిగుతోంది. ఈ గొంతు ఆమెకి కొత్త. పెళ్లయిన ఇన్నాళ్లకి ఒక కొత్త మగవాడు గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది.

అప్పుడు తన సంగతి గుర్తొచ్చింది ఆమెకి. గుత్తులవారి కోడల్నని అన్నకి రాసింది. ఫుజైరాకి రాసింది. అగ్నిసాక్షిగా ఆ ఇంటిపేరులోకి వచ్చింది. ఎవరిదా ఇల్లు? వీళ్ల కులమేమిటో, పెద్దలెవరో, ఆమెకి తెలిసిందంతా ఇంకొకడి కులం, ఇంకొకడి పెద్దలు. తెలిస్తే అన్నగారు గడప తొక్కనివ్వడు. అది సరే, ఇక్కడ తెలిస్తే?

"జైలేస్తరు. ఎనుక పంపుతరు. మల్ల రానియ్యరు," అన్నాడు అతను, ఆమె అడక్కుండానే. "నీకు జెప్పాల్నని శానసార్లు అనుకున్న. నీల్లకని అచ్చిన తొలినాడే పేరడిగితివి. గప్పుడే నోటికి గా పేరచ్చింది. ఇగ గా మాట ఎనుకకు మర్లెనా?"

మరి వేలిముద్ర ఎందుకని అడిగింది వీరమ్మ. ఆ ప్రశ్నకి మాత్రం అతను ఆమె కళ్లలోకి చూసి జవాబిచ్చాడు.

"ఏలిముద్ర నాదే గద. పేరు ఆల్లది, ఏలు నాది. గా పేరు నా చేతితోని ఎన్నడు రాయలె. మనకు సామానిచ్చినోల్లకు, మనల దీవిచ్చినోల్లకు, గా పేరు మీద దండం ఎట్ల వెట్టుదు?"

ఆ మాటకి వీరమ్మ గుండెలో ఏదో కరిగింది. మేడమ్ చెప్పిన మర్యాదలన్నీ తను పట్టుకుని రాసింది గానీ, కృతజ్ఞత చెప్పేటప్పుడు మనిషి తన పేరుతోనే చెప్పాలన్న మర్యాద ఒకటుందని ఆమెకి తోచనేలేదు. అది ఈ మనిషికి తోచింది. ఇంతసేపూ ఆమె భయపడింది ఇంకో పెళ్లాం గురించి. అది లేదు. దొంగ పేరు ఉంది, నిజమే. ఈ దుబాయ్‌లో దొంగ పేరు మీద బతికే మనుషుల గురించి ఆమె వినకపోలేదు. కడుపు కోసం పేరు మార్చుకున్నవాడు, సుఖం కోసం మనిషిని మోసం చేసినవాడు ఒకటి కాదనుకుంది.

ఒక ఖాళీ కాగితం అతని ముందుకు తోసి, నీ పేరు ఒకసారి రాయి, చూస్తాను, అంది. మీరు అనలేదని అప్పుడు ఆమె గమనించుకోలేదు. అతను ఈసారి తడుముకోలేదు. పర్శరాములు అని రాశాడు. బడిపిల్లవాడి రాతలాగా గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలు. ఆమె దాన్ని చూసి, చదివి, చింపి ముక్కలు చేసి పిడికిట్లో పెట్టుకుంది. ఎవరి కంటా పడకూడదు కదా.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది.

"మరి ఆ సత్యనారాయణ ఏమయ్యాడు?"

అతను ఏసీ వైపు చూశాడు. ఇంటికి తిరిగిపోయాడని ఏజెంటు చెప్పాడన్నాడు. తనకి అంతకన్నా తెలియదన్నాడు.

"నువ్వు ఎప్పుడూ చూడలేదా ఆయన్ని?"

"లేదు. మొఖం గూడ సూడలె."

అంతవరకూ చెప్పిన కథంతా నీళ్లలా సాగిపోయింది. ఈ ఒక్క జవాబు దగ్గర మాత్రం అతను ఆగాడు. పాత సత్యం ఆగినట్టే, మాటకి ముందు. వీరమ్మకి అన్నంలో రాయి తగిలినట్టయింది. నములుతున్నదాన్ని మింగాలో ఉమ్మాలో తేల్చుకునేలోపు తలుపు చప్పుడైంది.

వచ్చేదెవరో అతనికి తెలియదు. ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. లేచి వెళ్లి తలుపు తీసింది.

అచ్చాయమ్మ లోపలికి వస్తూనే గదంతా నిండిపోయినట్టయింది. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడుతోంది. ఆవిడ వెనక, పనిచేసే ఇంటివాళ్లిచ్చిన నల్ల బురఖా కింద నేత చీర కట్టుకున్న ఒక సన్నటి మనిషి. ముప్పై దాటి ఉంటుంది. మెడలో పసుపుతాడు, పుస్తెలు. గడప దగ్గరే నిలబడిపోయింది. మగవాడి వైపు చూడలేదు. చూడడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నట్టు, వీరమ్మ పాదాల వైపు చూసింది.

అచ్చాయమ్మ మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.

"ఉత్తరం అందిందే అమ్మడూ. గిన్నెల్లో పరమాన్నం వండుకున్నామని రాసేవంట. మనలో మనకి ఉత్తరాలేంటే అనుకున్నాను గానీ ఇన్నాక సంతోసంగానే ఉంది. నాకు అచ్చరమ్ముక్క రాదు గదా. మా పక్కింట్లో పనిచేసే ఈ పల్లాలమ్మకిచ్చి చదవమన్నాను. బానే చదివింది. కింద పేరు కాడికొచ్చి ఆగిపోయింది."

ఆ తర్వాత సంగతి ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. పల్లాలమ్మది చినవాడలంక. మొగుడు దుబాయ్ వెళ్తానని బొంబాయి వెళ్లాడు, వీసా వచ్చిందని ఒక ఉత్తరం రాశాడు, ఆ తర్వాత అయిపూ లేడు, కబురూ లేదు. ఊళ్లో అందరూ దుబాయ్‌లో దొరసానినెవరినో కట్టుకున్నాడన్నారు. ఈమె ఆగలేకపోయింది. పిల్లని తల్లి దగ్గర వదిలి, మొగుణ్ణి వెతకడానికే ఇళ్లల్లో పనికి వచ్చింది. తెలుగు మనిషి కనబడితే చాలు, ఆ పేరు చెప్పి అడుగుతుంది. ఎక్కడా ఆచూకీ దొరకలేదు. చివరికి ఎవరికో పెళ్లి కానుక అందిందని వచ్చిన కాగితం తన నోటితో చదువుతుంటే, అడుగున మొగుడి పేరు, ఇంటిపేరు, ఊరు, పక్కన ఇంకో ఆడదాని పేరు.

వీరమ్మ తలుపు రెక్క పట్టుకుంది. మొగుడి సొంత పేరు తెలియకపోతే ఈ క్షణాన తను ఏమై ఉండేది? తెలిసింది గనకనే నిలబడగలిగింది. ఇంటికి తిరిగిపోయాడన్న మనిషి ఇంటికి పోలేదు. పాసుపోర్టు వచ్చింది, పేరు వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. అతను ఇక్కడా లేడు, అక్కడా లేడు. ఆ సంగతి ఈమెతో ఎలా చెప్పడం? చెబితే తన మొగుడు జైలుకి. చెప్పకపోతే ఈ మనిషి ఇంకా ఎన్నేళ్లు ఆ పేరు పట్టుకుని ఇళ్లిళ్లూ తిరగాలి?

"చూడవే," అంది అచ్చాయమ్మ, పల్లాలమ్మ భుజం మీద చెయ్యి వేసి. "ఇంత దూరం వచ్చేక భయమెందుకు? చూసి చెప్పు."

పర్శరాములు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడికీ పోలేదు, ముఖం తిప్పుకోలేదు. పల్లాలమ్మ తల ఎత్తి అతన్ని చూసింది.

"ఈయన కాదు," అంది.

అచ్చాయమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. గోదావరి జిల్లాల్లో సత్యదేవుడి పేరు పెట్టుకోని ఇల్లుందా, ఒక ఊళ్లో ఒక పేరువాళ్లు ఇద్దరుండరా ఏమిటి, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కొత్త కోడలి ఇంట్లో అనవసరంగా రభస చేయబోయామని నొచ్చుకుంది. వీరమ్మ కూడా ఊపిరి తీసుకుంది. టీ పెడతాను కూర్చోండి అనబోయింది.

పల్లాలమ్మ మాత్రం ఇంకా అతన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ గదిలోకి రెండడుగులు వేసింది.

"మా ఆయన కాదండి," అంది, ఎవరితోనో చెప్పినట్టు నెమ్మదిగా. "గానీ ఈయన్ని నేనెరుగుదును. బొంబాయి నుంచి మా ఆయన ఆఖరి ఉత్తరంతో ఒక ఫొటో పంపేడు. సముద్రం కాడ తీయించుకున్నది. ఇద్దరు మగాళ్లు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. ఒకరు మా ఆయన." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "రెండో ఆయన ఈయనే. నాకు తోడుగా ఉన్నాడు, నువ్వు బెంగెట్టుకోకు అని రాసేడు."

వీరమ్మ మొగుడి వైపు తిరిగింది. ఇందాక ముఖం కూడా చూడలేదన్న మనిషి ఇప్పుడు తల దించుకున్నాడు. కాదనలేదు. గోడ వెంబడే జారి, కింద కూర్చుండిపోయాడు.

వీరమ్మ పిడికిట్లోని కాగితపు ముక్కలు నేల మీద రాలిపోయాయి. ఆమె వాటిని ఏరలేదు. పల్లాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. వెనక్కి వచ్చి తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఇందాక నాకు చెప్పింది చాలు," అంది. "ఇప్పుడు ఈవిడకి చెప్పు. ఈవిడ మొగుణ్ణి ఎక్కడ వదిలేసేవో, అక్కడ్నించి మొదలెట్టు."